ఎంత తెలుసో అంతే రాయాలి: ఒక యూనివర్సిటీ డిజిటల్ ఆర్కైవ్ ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ఎట్టకేలకు పని మొదలైంది. లైబ్రరీ కింది అంతస్తులో మాకో గది ఇచ్చారు. రెండు పొడవాటి బల్లలు, తాళం పడే బీరువాలు, కిటికీలకు మందపాటి తెరలు ఉన్నాయి. యూనివర్సిటీ పుట్టినప్పటి నుంచి పోగుపడ్డ క్యాంపస్ ఫోటోలు, ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల బొమ్మలు, రీసెర్చ్ స్కాలర్ల థీసిస్‌లు అన్నీ ఒకే డిజిటల్ ఆర్కైవ్‌లోకి చేరాలి. ఎక్కడున్నవాళ్ళయినా వెతికితే దొరకాలి.

బల్ల మీద పెట్టెలు చూసిన ప్రతి ఒక్కరూ అడుగుతున్నది ఒకటే: "స్కానింగ్ ఎప్పుడు మొదలెడతారు?" ఇప్పుడే కాదు. ముందు ఏ పెట్టెలో ఏముందో జాబితా రాయాలి. పెట్టెకో నంబరు, పెట్టెలోని కవరుకో నంబరు, కవరులోని ఫోటోకో నంబరు. ఏ ఫోటో ఏ కవరులో ఉందో ఆ వరస చెదరనివ్వకూడదని గట్టిగా అనుకున్నాం. ఒకే కవరులో కలిసి ఉన్న ఫోటోలు ఒకే సందర్భంలో తీసినవి అయ్యుండే అవకాశం ఎక్కువ. వాటిని విడదీసి "భవనాలు" ఒకవైపు, "మనుషులు" ఒకవైపు సర్దేస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ ఒక ఫోటో ఇంకో ఫోటో గురించి చెప్పే సాక్ష్యం పోతుంది. సాయం చేయడానికి వచ్చిన విద్యార్థులకు మొదటిరోజే ఇది చెప్పాను. సర్దడం కంప్యూటర్ ఎన్ని రకాలుగానైనా చేసిపెడుతుంది, పెట్టెను మాత్రం ఉన్నదున్నట్టే ఉంచుదాం అని.

జూన్, చివరి వారం

ఒక రేకు డబ్బా మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన కొట్టింది. లోపల నెగటివ్‌లు. ఈ వాసన వస్తే ఫొటో ఆర్కైవ్‌లలో పనిచేసేవాళ్ళు వెంటనే డబ్బా మూసి పక్కన పెడతారు. ఈ నెగటివ్‌ల అడుగు ప్లాస్టిక్ అయిన అసిటేట్ ఫిల్మ్ చెడిపోవడం మొదలైతే ఎసిటిక్ యాసిడ్ విడుదలవుతుంది. ఆ యాసిడ్ చెడిపోవడాన్ని ఇంకా వేగంగా ముందుకు తోస్తుంది, పక్కనున్న మంచి ఫిల్మ్‌ను కూడా పాడుచేస్తుంది. అడుగున ఉన్న ప్లాస్టిక్ కుంచించుకుపోతుంటే పైనున్న ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పొర, దానితోపాటు కుంచించుకోలేక ముడతలు పడి లేచిపోతుంది. ఆ దశ దాటితే ఏ స్కానరూ కాపాడలేదు.

ఎంతవరకు చెడిందో తెలుసుకోడానికి రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఏ-డి స్ట్రిప్స్ అనే కాగితపు పట్టీలు వాడాం. డబ్బాలో పెట్టి మూసేస్తే యాసిడ్ మోతాదును బట్టి ఆ కాగితం నీలం నుంచి ఆకుపచ్చకు, అక్కడి నుంచి పసుపుకు మారుతుంది. మా డబ్బాలోవి ఆకుపచ్చ దాటి పసుపు వైపు వెళ్ళాయి. కాబట్టి స్కానింగ్ వరసలో ఇవే ముందు. వీటిని మిగతా వాటికి దూరంగా, చల్లటి పొడి చోటుకు మార్చాం. చల్లదనం ఈ చెడుపును ఆపదు, నెమ్మదింపజేస్తుంది, అంతే. మాకు కావలసింది ఆ కాస్త వ్యవధే.

ఇంకో సంగతి కూడా చూసుకున్నాం. అసిటేట్‌కు ముందు వాడిన నైట్రేట్ ఫిల్మ్ ఉందేమోనని ప్రతి నెగటివ్ అంచు దీపం ముందు పెట్టి చూశాం. అంచున "సేఫ్టీ" అని అచ్చు పడి ఉంటే గండం గడిచినట్టే. నైట్రేట్‌కు నిప్పంటుకుంటే మండడానికి కావలసిన ఆక్సిజన్ అదే ఇచ్చుకుంటుంది, నీళ్ళలో ముంచినా ఆరదు. కొడాక్ దాని తయారీని 1951లోనే ఆపేసింది. అయినా పాత ఫోటోలున్న ఏ సంస్థా చూడకుండా వదిలేయకూడదు. మాకు అలాంటివి కనబడలేదు.

జూలై

స్కానింగ్ మొదలైంది. ప్రింట్లకు అంగుళానికి 600 పిక్సెళ్ళు, 35 మిల్లీమీటర్ల నెగటివ్‌లకు 4000. ఎనిమిది అంగుళాల ఎత్తు, పది అంగుళాల వెడల్పు ఉన్న ప్రింటు 600 దగ్గర 4800 నిలువు, 6000 అడ్డం పిక్సెళ్ళవుతుంది. కుదించని కలర్ టిఫ్ ఫైలుగా దాచితే ఒక్కోటి 86 ఎంబీ పైమాటే. "జేపెగ్ చేస్తే రెండు మూడు ఎంబీల్లో అయిపోతుందిగా?" అని ఆఫీసు నుంచి ప్రశ్న. జనం చూడ్డానికి జేపెగ్ ఇస్తాం. దాచుకునేది మాత్రం టిఫ్. జేపెగ్ కుదింపులో పోయిన వివరం మళ్ళీ రాదు. ఈ ప్రింట్లను రెండోసారి స్కాన్ చేసే ఓపిక, డబ్బు, అసలు అప్పటికి ఆ ప్రింట్లే ఉంటాయన్న నమ్మకం ఎవరికీ లేదు.

మా పద్ధతిలో ఒక నియమం అందరికీ వింతగా అనిపిస్తోంది. ప్రతి ప్రింటు వెనకవైపు కూడా స్కాన్ చేస్తున్నాం, ఖాళీగా ఉన్నా సరే. వెనక స్టూడియో ముద్ర ఉంటుంది, పెన్సిల్‌తో పేర్లుంటాయి, ఆల్బమ్ నుంచి పీకినప్పుడు అంటుకున్న నల్ల కాగితం ముక్క ఉంటుంది. ఆ ముక్కను బట్టి ఫోటో ఏ ఆల్బమ్‌లోదో తేల్చిన సందర్భాలు ఇప్పటికే కొన్ని వచ్చాయి. ఖాళీ వెనకవైపు కూడా ఒక సమాచారమే. "వెనక ఏమీ రాసి లేదు" అని తెలిస్తే తర్వాతివాళ్ళు ఆ ప్రింటును మళ్ళీ బయటికి తీయాల్సిన పనిలేదు.

ఫోటోషాప్ విషయంలో కొంత వాదన జరిగింది. 1970ల నాటి కలర్ ప్రింట్లు చాలావరకు ఎర్రబారి ఉన్నాయి. అప్పటి కలర్ కాగితాల్లో చీకట్లో దాచినా నిలవని రంగు సయాన్, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం. అది వెలిసిపోతే మిగిలేది ఎరుపే. మా విద్యార్థుల్లో ఒకబ్బాయి చక్కగా రంగులు సరిచేసి చూపించాడు, ఆకాశం మళ్ళీ నీలమైంది. అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. కానీ ఆ నీలం అసలు ఆకాశానిదా, వాడి కంటిదా? మాస్టర్ ఫైలులో ప్రింటు ఈరోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. సరిచేసిన కాపీని వేరేగా, "రంగులు సరిచేసినది" అని రాసి పెడతాం. గీతలు, మరకలు, చిరుగులు కూడా అంతే. దుమ్మును స్కానర్ మీద పెట్టకముందే బ్లోయర్‌తో ఊదేస్తాం. స్కాన్ అయ్యాక చెరపడం ఉండదు.

ఈ నియమం వెనకున్న ఆలోచనే నాకు ఈ ప్రాజెక్టు మొత్తానికీ ఆధారమనిపిస్తోంది. ఆర్కైవ్ తనకు ఎంత తెలుసో అంతే చెప్పాలి. ఎక్కువ తెలిసినట్టు కనబడితే చదివేవాళ్ళకు ఏది నిజమో, ఏది మన ఊహో పట్టుకోవడం అసాధ్యమైపోతుంది.

ఆగస్టు

చాలా ఏళ్ళు యూనివర్సిటీకి ఫోటోలు తీసి రిటైరైన పెద్దాయన వచ్చారు. వయసు మీదపడింది, కళ్ళజోడు మార్చి మార్చి చూస్తున్నారు. పెద్ద తెర మీద ఫోటోలు ఒక్కొక్కటే పెట్టి, ఆయన అనుమతితో మాటలు రికార్డు చేశాం. మేము "స్నాతకోత్సవం" అని రాసి పెట్టుకున్న కవరు తెర మీదికి రాగానే చెయ్యెత్తారు.

"ఇది స్నాతకోత్సవం కాదు బాబూ. ముందురోజు గౌన్లు సరిపోయాయో లేదో వేసుకుని చూసుకుంటున్నారు. అసలు రోజు నన్ను స్టేజి మీద నుంచి దిగనిస్తేగా, ఇలా చెట్టుకింద తీయడానికి!"

తర్వాతి ఫోటోలో మైకు ముందు నిలబడ్డ సన్నటి మనిషి. "ఈయనెవరండీ?" అనడిగాం. ఆయన చాలాసేపు చూశారు. "మొహం బాగా గుర్తు. కెమిస్ట్రీ వైపు కనిపించేవాడు. పేరు మాత్రం రావట్లేదు. ఊహించి చెప్పను నాయనా, తప్పయితే ఆ పేరే ఉండిపోతుంది."

ఆ రికార్డులో "పేరు తెలియదు. బహుశా కెమిస్ట్రీ విభాగం. చెప్పినవారు: ఫోటోగ్రాఫర్" అని రాసి, ఆ మాట రికార్డింగులో ఎన్నో నిమిషంలో ఉందో కూడా జతచేశాం. పేరు గడిలో "తెలియదు" అని రాయడానికి మొదట్లో విద్యార్థులు సంకోచించేవాళ్ళు, పని సగం చేసినట్టు ఉంటుందని. ఆయన మాట విన్నాక ఆ సంకోచం పోయింది.

ఆగస్టు, ఇంకొంత

ఇక మెటాడేటా, అంటే ప్రతి వస్తువు గురించి రాసిపెట్టే వివరాలు. వివరాలు నింపే చట్రంగా డబ్లిన్ కోర్ తీసుకున్నాం. 1995లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రం డబ్లిన్‌లో జరిగిన వర్క్‌షాప్‌లో మొదలైంది కాబట్టి ఆ పేరు. ప్రాథమికంగా 15 గళ్ళు: శీర్షిక, కర్త, విషయం, వర్ణన, తేదీ, రకం, హక్కులు వగైరా. ఫోటోకూ, బొమ్మకూ, థీసిస్‌కూ ఒకే చట్రం సరిపోవడం దీని బలం. అన్నిటికీ సరిపోవడం వల్లే దేనికీ పూర్తిగా సరిపోదు, ఆ సంగతి సెప్టెంబరులో తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చిన గడి తేదీ. ఒక ఫోటో ఉదాహరణ చెబుతాను. సైన్స్ బ్లాకు ముందు మెట్ల మీద ఒక బృందం నిలబడి ఉంది. ముందు వరసలో ఒకమ్మాయి చేతిలో గాజు పరికరం జాగ్రత్తగా, రెండు చేతులతో, బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. ప్రింటు వెనక పెన్సిల్‌తో ఒక సంవత్సరం, దాని కింద వేరే చేతిరాతలో సిరాతో ఇంకో సంవత్సరం. రెండింటికీ మూడేళ్ళ తేడా. పెన్సిల్ రాత సన్నగా, కాగితంలోకి దిగినట్టు ఉంది. సిరా రాత దాని మీదికి కొంచెం ఎక్కింది, అంటే సిరా తర్వాత వచ్చింది. కానీ తర్వాత రాసినవాళ్ళు తప్పు దిద్దారా, కొత్త తప్పు చేశారా?

మామూలుగా అయితే ఒకటి ఎంచుకుని రాసేసి ముందుకు పోతారు. చాలా ఆర్కైవ్‌లలో తేదీ గడి "సంవత్సరం, నెల, రోజు" తప్ప ఇంకేదీ ఒప్పుకోదు కాబట్టి వాళ్ళను కూడా తప్పుపట్టలేం. మేము ఈడీటీఎఫ్ అనే పద్ధతి వాడుతున్నాం. 2019 నుంచి ఇది ఐఎస్ఓ 8601 ప్రమాణం రెండో భాగంలో ఉంది. 1968~ అని రాస్తే సుమారుగా అని. 1968? అని రాస్తే అనుమానమే అని. [1968,1971] అని రాస్తే ఈ రెండిట్లో ఏదో ఒకటి అని. దశాబ్దం మాత్రమే తెలిస్తే చివరి అంకె స్థానంలో ఎక్స్ అక్షరం. ఈ చిన్న గుర్తులు చాలు, ఎవరూ అబద్ధం ఆడాల్సిన పనిలేదు. కంప్యూటర్ కూడా వీటిని అర్థం చేసుకుని వెతుకులాటలో సరైన చోట చూపిస్తుంది.

మెట్ల ఫోటోకు రెండు సంవత్సరాలూ రాసి, "వెనక రెండు చేతిరాతలు, రెండూ ధ్రువపడలేదు" అని వర్ణనలో చేర్చాం. ఫోటోలో బ్లాకుకు రెండో అంతస్తు లేదు, ఇప్పుడుంది. ఆ అంతస్తు ఎప్పుడు కట్టారో తెలిస్తే చిక్కు విడిపోతుంది. ఎస్టేట్ విభాగంలో అడిగాం, వాళ్ళ దగ్గర అప్పటి కాగితాలు లేవు.

సెప్టెంబరు

బొమ్మల వంతు. పెయింటింగును ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించలేం, ఫోటో తీయాలి. దీనికి ఫైన్ ఆర్ట్స్ విభాగం వాళ్ళే స్టూడియో ఇచ్చారు. నాకు ఈ నెలంతా పండగలా గడిచింది.

కెమెరా, బొమ్మ సరిగ్గా సమాంతరంగా ఉండాలి, లేకపోతే నలుచదరపు కాన్వాసు ఒక పక్కకు ఒరిగినట్టు పడుతుంది. దానికి ఒక పాత కిటుకు ఉంది. బొమ్మ పెట్టే చోట చిన్న అద్దం ఆనించి వ్యూఫైండర్‌లోంచి చూడాలి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనబడేదాకా ట్రైపాడ్ జరుపుకోవాలి. రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో లైట్లు. ఆయిల్ పెయింటింగు, వార్నిష్ వేసినవి మెరుస్తాయి కాబట్టి లైట్ల ముందు పోలరైజింగ్ ఫిల్మ్, లెన్స్ మీద దానికి అడ్డంగా తిప్పిన పోలరైజర్. అది తిప్పుతుండగా ఒక స్థానంలో మెరుపంతా ఒక్కసారిగా మాయమై, అడుగునున్న నలుపులు, ఎరుపులు నిండుగా పైకి తేలతాయి. చూసిన ప్రతిసారీ ఆనందమే. ప్రతి బొమ్మ పక్కనా 24 గళ్ళ రంగుల చార్టు పెట్టి మొదట ఒక ఫోటో తీస్తాం. పదేళ్ళ తర్వాత ఎవరైనా ఈ ఎరుపు నిజంగా ఇంత ఎరుపేనా అని అడిగితే జవాబు చెప్పేది ఆ చార్టే.

కొన్నింటికి ఒక పక్క నుంచి మాత్రమే, బాగా వాలుగా వెలుతురు వేసి రెండో ఫోటో తీశాం. కుంచె ఎటు నుంచి ఎటు నడిచిందో, ఎక్కడ కత్తితో గీకారో ఆ వెలుతురులో తెలుస్తుంది. ఒక విద్యార్థి తన కాన్వాసు మీద మొదట వేరే బొమ్మ వేసి దానిమీద ఇప్పటిది వేసినట్టు గట్లు కనబడ్డాయి. కింద ఏ బొమ్మ ఉందో మా పరికరాలతో తేలదు. "కింద మరో చిత్రం ఉన్న ఆనవాళ్ళు" అని రాశాం, అక్కడితో ఆపాం.

అసలు చిక్కు గోడ బొమ్మతో వచ్చింది. హాస్టల్ గోడ మీద విద్యార్థులు కలిసి వేసిన పెద్ద మ్యూరల్. దానిమీద ఎన్నడో సున్నం వేసేశారు. మిగిలింది ఒక నలుపు తెలుపు ఫోటో మాత్రమే. ఇప్పుడీ రికార్డులో "కర్త" ఎవరు? ఫోటోగ్రాఫరా, బొమ్మ వేసినవాళ్ళా? "తేదీ" ఏది? గోడ మీద రంగు పడ్డ సంవత్సరమా, షట్టరు నొక్కిన సంవత్సరమా? కొలతలు రాయాలంటే ప్రింటువా, గోడవా? డబ్లిన్ కోర్‌లో ఒక్క కర్త గడిలో ఇద్దరినీ కుక్కితే, వెతికేవాళ్ళకు ఫోటోగ్రాఫరు గారు మ్యూరల్ వేసినట్టు కనబడుతుంది.

కళా చరిత్ర లైబ్రరీలవాళ్ళు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు. వీఆర్ఏ కోర్ అనే ప్రమాణంలో కళాఖండం వేరు, దాని చిత్రం వేరు. రెండింటికీ రెండు రికార్డులు, మధ్యలో లంకె. మేమూ అలాగే చేశాం. మ్యూరల్‌కు ఒక రికార్డు తెరిచాం: వేసినవాళ్ళు "విద్యార్థి బృందం, పేర్లు తెలియవు", మాధ్యమం "గోడ మీద రంగులు, ఏ రంగులో తెలియదు", ప్రస్తుత స్థితి "లేదు". దాని కింద ఫోటో రికార్డు. లేని వస్తువుకు రికార్డు ఎందుకని ఒక కమిటీ సభ్యుడు అడిగారు. ఆ బృందంలో ఎవరైనా ఒకరోజు తన బొమ్మ కోసం వెతికితే, వాళ్ళు వెతికేది ఫోటోను కాదు, మ్యూరల్‌ను. అది వాళ్ళ పేరు చేర్చుకోడానికి సిద్ధంగా ఉండాలి.

అక్టోబరు

థీసిస్‌లు. ఈమధ్య సమర్పించినవి పీడీఎఫ్‌లే కాబట్టి పని తక్కువ. విద్యార్థులు ఎలక్ట్రానిక్ థీసిస్ తప్పనిసరిగా ఇవ్వాలని మొట్టమొదట నియమం పెట్టింది వర్జీనియా టెక్, 1997లో. అంతకుముందువి మా దగ్గర అన్నీ కాగితాలే. టైప్‌రైటర్ మీద కార్బన్ పెట్టి కొట్టిన రెండో కాపీలు, మూడో కాపీలు, చేత్తో వేసిన గ్రాఫులు. స్పష్టంగా ఉన్న పేజీలను టెసెరాక్ట్ (స్కాన్‌లోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) బాగానే చదువుతోంది. కార్బన్ కాపీల్లో అక్షరాలు అలుక్కుపోయినచోట తప్పులు ఎక్కువ. తప్పులున్న పాఠాన్ని కూడా వెతుకులాటకు ఉంచుతున్నాం, "యంత్రం చదివిన పాఠం, సరిచూడలేదు" అనే ముద్రతో.

అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు కోడ్‌లిచ్చే యూనికోడ్ వాడకంలోకి రాకముందు కంప్యూటర్‌లో కూర్చిన తెలుగు థీసిస్‌ల కథ వేరే. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్ మీదే మన అక్షరాల ముక్కలను కూర్చేవి. తెర మీద చూస్తే చక్కటి తెలుగు. కాపీ చేసి ఇంకోచోట అంటిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు. అంటే ఆ థీసిస్‌లో ఒక్క మాట కూడా సెర్చ్‌లో దొరకదు. ఫాంటుకో మార్పిడి పట్టిక రాసుకుని యూనికోడ్‌కు మారుస్తున్నాం. వత్తులు, గుణింతాలు తారుమారయ్యే చోట్లు మనిషి చదివి దిద్దాల్సిందే. సమర్పించిన ఫైలును ముట్టుకోం, మార్చిన పాఠం పక్కన వేరే ఫైలుగా ఉంటుంది. దీర్ఘకాలం నిలిచేందుకు పీడీఎఫ్/ఏ కాపీ కూడా చేస్తున్నాం. 2005లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చిన ఈ రకంలో ఫాంట్లు ఫైలులోపలే ఇమిడి ఉండాలి, పాస్‌వర్డు తాళాలు ఉండకూడదు.

కొన్ని థీసిస్‌ల అట్ట లోపలి జేబులో ఫ్లాపీలు దొరికాయి. 3.5 అంగుళాలవి, 1.44 ఎంబీ. రాయడానికి వీల్లేకుండా ముందు మూలనున్న చిన్న మీట జరిపి, యూఎస్‌బీ డ్రైవులో పెట్టి, డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే కాపీ ఫైలుగా (డిస్క్ ఇమేజ్‌గా) తీశాం. కొన్ని చదవగలిగాం, కొన్ని మొరాయించాయి. 1986లో బీబీసీ చేసిన డూమ్స్‌డే ప్రాజెక్టు లేజర్ డిస్కులు ఇరవై ఏళ్ళు తిరక్కుండానే చదివే యంత్రాలు దొరక్క కష్టాల్లో పడ్డ సంగతి డిజిటల్ ఆర్కైవ్‌లవాళ్ళందరికీ తెలుసు. చదవలేకపోయిన ఫ్లాపీలను పారేయలేదు. ఎవరి థీసిస్‌లోవో వాళ్ళకు ఉత్తరం రాస్తున్నాం, ఇంకో కాపీ ఉందేమోనని.

నవంబరు

ఈ నెలంతా హక్కుల గురించే. పెయింటింగు యూనివర్సిటీ గోడకు వేలాడుతున్నంత మాత్రాన దాని కాపీరైట్ యూనివర్సిటీది అయిపోదు, అది వేసినవాళ్ళదే అయ్యుంటుంది సాధారణంగా. థీసిస్ కూడా చాలాచోట్ల విద్యార్థిదే. ఎవరు తీశారో తెలియని ఫోటోలైతే మరీ సందిగ్ధం. హక్కుల గడిలో సొంత మాటలు రాయకుండా రైట్స్ స్టేట్‌మెంట్స్ అనే అంతర్జాతీయ చొరవ (2016లో మొదలైంది) ఇచ్చే 12 ప్రకటనల్లోంచి తీసుకుంటున్నాం. వాటిలో నాకు బాగా పనికొస్తున్నవి రెండు: కాపీరైట్ స్థితి ఇంకా తేల్చలేదన్నది ఒకటి, హక్కుదారు ఎవరో, ఎక్కడున్నారో తెలియలేదన్నది ఇంకొకటి. అన్నిటి మీదా "సర్వహక్కులు యూనివర్సిటీవి" అని ముద్ర కొట్టేయమన్న సలహా వచ్చింది. మనది కానిదాన్ని మనదని ఎలా రాస్తాం?

పేటెంటు దరఖాస్తు ఉన్నవి, పుస్తకంగా రాబోతున్నవి కొంతకాలం మూసి ఉంచమని విద్యార్థులు అడగొచ్చు. అప్పుడు పేరు, సారాంశం అందరికీ కనబడతాయి, ఫైలు మాత్రం గడువు తేదీ దాకా తెరుచుకోదు. గడువు తీరగానే సాఫ్ట్‌వేరే తెరిచేస్తుంది.

ఫోటోల్లోని మొహాల విషయంలో చట్టం ఒప్పుకుంటే చాలదనిపించింది. ధర్నాల ఫోటోలు ఉన్నాయి, నినాదాలిస్తున్న పంతొమ్మిదేళ్ళ పిల్లలు. వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో, ఆ ఫోటో బయటికి రావడం వాళ్ళకు ఇష్టమో కాదో తెలియదు. స్కాన్ చేసి దాచాం. మనుషులను గుర్తుపట్టేలా పేర్లు చేర్చకుండా మాత్రమే తెరుస్తాం. తొలగించమని ఎవరైనా అడిగితే ముందు కనబడకుండా చేసి, తర్వాత విచారిస్తాం. ముందు విచారించి తర్వాత తీయడం కంటే ఇదే సబబు.

డిసెంబరు

డీస్పేస్‌లో అన్నీ ఎక్కించడం మొదలైంది. ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకార్డ్ కలిసి 2002లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ప్రతి రికార్డుకూ హ్యాండిల్ అనే శాశ్వత చిరునామా వస్తుంది. రేపు సర్వర్ మారినా, డొమైన్ మారినా ఆ చిరునామా పాతదే పనిచేస్తుంది. ఎవరైనా తమ పరిశోధనలో మా ఫోటోను ఉదహరిస్తే ఆ లింకు తెగకూడదు.

మాస్టర్ ఫైళ్ళు మూడు చోట్ల ఉంటాయి, ఒకటి వేరే భవనంలో. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క కట్టి 64 అక్షరాల గుర్తు రాసి పెట్టాం. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది. ఈ తనిఖీ యంత్రమే నెలనెలా చేస్తుంది. మొన్నటి తనిఖీలో ఒక డిస్కులో ఒక ఫైలు గుర్తు సరిపోలలేదు. మిగతా రెండు కాపీలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి వాటి నుంచి తిరిగి రాశాం, డిస్కు మార్చాం. ఒకే కాపీ ఉండుంటే ఆ ఫైలు చెడిందని తెలిసేదే కానీ, బాగుచేసుకునే దారి ఉండేది కాదు.

థీసిస్‌లను ఎక్కిస్తుండగా ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన సంగతి జరిగింది. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరు చాలా ఏళ్ళ కిందట సైన్స్ బ్లాకు పునాదుల మీద థీసిస్ రాశారు. ఉన్న భవనం మీద ఇంకో అంతస్తు వేస్తే పునాది ఎంత భారం మోస్తుందన్నది విషయం. అందులో చేత్తో గీసిన నక్షా, ఆ పని మొదలైన తేదీ ఉన్నాయి. మెట్ల ఫోటోలో రెండో అంతస్తు లేదు కదా. ఫోటో వెనకున్న రెండు సంవత్సరాల్లో సిరా రాత నిర్మాణం మొదలయ్యాక వస్తోంది, పెన్సిల్ రాత దానికి ముందు. ఇప్పుడు తేదీ గడిలో పెన్సిల్ సంవత్సరం పక్కన అనుమానపు గుర్తు పెట్టి, ఆధారంగా థీసిస్ హ్యాండిల్ ఇచ్చాం. అనుమానపు గుర్తు ఎందుకంటే, థీసిస్ చెప్పేది ఫోటో ఆ నిర్మాణానికి ముందుదని మాత్రమే. పాత రికార్డును చెరపలేదు, మార్పుల చరిత్రలో ఉంది. థీసిస్ రికార్డులో కూడా ఫోటోకు లంకె వేశాం. ఫోటోలు ఒకచోట, థీసిస్‌లు ఇంకోచోట వేర్వేరు వెబ్‌సైట్లలో పెట్టుంటే ఈ రెండూ ఎప్పటికీ కలిసేవి కావు.

జనవరి

మొదటి విడత అందరికీ తెరిచాం. ఓఏఐ-పీఎంహెచ్ అనే పద్ధతి ద్వారా మా రికార్డులను వేరే సంస్థల సెర్చ్ యంత్రాలు తీసుకోవచ్చు. పెద్ద బొమ్మలను ట్రిపుల్ ఐఎఫ్ పద్ధతిలో కుంచె గీతల దాకా దగ్గరగా చూసుకోవచ్చు.

ప్రతి ఫోటో కింద "మీకు తెలిసింది చెప్పండి" అనే పెట్టె ఉంది. 2008లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌తో మొదలైన ఫ్లికర్ కామన్స్‌లో మామూలు జనం ఎన్నో పాత ఫోటోల వివరాలు పట్టిచ్చారు, ఆ ధైర్యంతోనే పెట్టాం. పూర్వ విద్యార్థులు రాస్తున్నారు. వాళ్ళు చెప్పింది నేరుగా రికార్డులోకి పోదు, "పాఠకులు చెప్పినది" అని పక్కన నిలుస్తుంది. రెండో ఆధారం దొరికితే లోపలికి వస్తుంది. మైకు ముందున్న సన్నటి మనిషికి ఇప్పటికే ఇద్దరు వేర్వేరు పేర్లు చెప్పారు. రెండూ ఉంచాం. కెమిస్ట్రీ విభాగం పాత హాజరు పుస్తకాలు అడిగాం, వెతికిపెడతామన్నారు.

చేయాల్సినవి: స్ట్రిప్ పసుపు వైపు తిరిగిన డబ్బాలోని నెగటివ్‌లు ఇంకా కొన్ని స్కాన్ కావాలి, అది ఆలస్యం చేయడానికి లేదు. ఫ్లాపీల ఉత్తరాలకు జవాబులు రావాలి. సంగీత విభాగం వాళ్ళు నాటకాలు, కచేరీల క్యాసెట్లు తెచ్చిచ్చారు. వాటిమీద చీటీలు ఊడిపోయి డబ్బా అడుగున పడున్నాయి. ఏ చీటీ ఏ క్యాసెట్‌దో విని తేల్చేదాకా వాటిని అతికించొద్దని బీరువా తలుపు మీద రాసి పెట్టాను.